కాఫీకి రమ్మన్న పోలీసు

ఫోను మోగింది. అవతలి మనిషి తాను పోలీసునని చెప్పుకున్నాడు.

అంతే, ఇవతలి కుర్రాడికి ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చిన బూతు తిట్టేశాడు. నా బతుకు బుగ్గిపాలు చేసింది చాలదా, ఇంకా ఏం మిగిలిందని ఫోను చేశారని అరిచాడు. పోలీసును అంత మాట అన్నాక ఏం జరుగుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. 'స్టేషనుకు రా, నీ సంగతి చెబుతా' అంటారు. లేదంటే గంట తిరక్కుండా జీపు వచ్చి ఇంటి ముందు ఆగుతుంది.

అవతలి పోలీసు ఫోను పెట్టేయలేదు. గొంతూ పెంచలేదు. వీలు చూసుకుని ఒకసారి ఆఫీసుకు వచ్చి కాఫీ తాగి వెళ్లమన్నాడు.

ఆ పోలీసు పేరు తోర్లైఫ్ లింక్. ఊరు డెన్మార్క్‌లోని ఆర్హుస్. కుర్రాడి అసలు పేరు మనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2016లో అమెరికాలోని ఎన్‌పీఆర్ రేడియో అతడి కథను ప్రసారం చేసినప్పుడు జమాల్ అని మారుపేరు పెట్టింది. మనమూ అలాగే పిలుచుకుందాం. ఇందులోని మాటలు వాళ్లు తర్వాత చెప్పుకున్నదాని సారం. రికార్డు చేసిన సంభాషణలు కావు.

ఇంకో చిక్కు కూడా ముందే చెప్పేస్తాను. డేనిష్ భాషలో ఈ రోజుల్లో చిన్నా పెద్దా తేడా లేకుండా దాదాపు అందరినీ 'డు' అనే పిలుస్తారు. దాన్ని తెలుగులోకి తెచ్చే దగ్గర నా కలం ఆగింది. 'నువ్వు' అని రాస్తే మన స్టేషన్లలో వినిపించే 'ఏరా' వెనకాలే వచ్చి నిలబడుతుంది. అందుకని ఈ కథలో లింక్ ఆ కుర్రాడిని 'మీరు' అంటాడు. ఆ ఊళ్లో జరిగినదానికి ఆ మాటే దగ్గర.

* * *

ఆర్హుస్ డెన్మార్క్‌లో రెండో పెద్ద నగరం. రెండో పెద్దది అనగానే మనం ఏ విశాఖపట్నాన్నో ఊహించుకుంటాం. అక్కడి జనాభా మూడు లక్షల పైచిలుకు, అంతే. సముద్రపు ఒడ్డు, పేరున్న విశ్వవిద్యాలయం, సైకిళ్ల మీద తిరిగే జనం. ఊరికి పడమర వైపు గెలరప్ అనే పెద్ద అపార్టుమెంట్ల సముదాయం ఉంది. లెబనాన్, సోమాలియా, టర్కీల నుంచి వచ్చిన కుటుంబాలు చాలావరకు ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డాయి. 2005 సెప్టెంబరు 30న మహమ్మద్ ప్రవక్త మీద 12 కార్టూన్లు అచ్చేసి ప్రపంచమంతా అట్టుడికేలా చేసిన యూలాండ్స్ పోస్టెన్ పత్రిక ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. అంటే ఆ గొడవ వాళ్లకు టీవీలో చూసిన వార్త కాదు, వీధి చివర జరిగిన సంగతి.

2012లో ఆ ఊరి పోలీసులకు ఓ ఇంటి తల్లిదండ్రుల నుంచి ఫోను వచ్చింది. మా అబ్బాయి కనబడటం లేదన్నారు. లింక్, అతడి సహోద్యోగి అలన్ ఆర్స్లెవ్ నేర నివారణ విభాగంలో పనిచేసేవాళ్లు. కుర్రకారు చిల్లర దొంగతనాలు, మత్తుమందులు, వీధి కొట్లాటలు, ఇవీ వాళ్లకు తెలిసిన లోకం. తప్పిపోయిన పిల్లాడి కేసు కదా అని మొదలుపెట్టారు. తీరా తేలిందేమిటంటే అబ్బాయి సిరియాలో ఉన్నాడు. అక్కడ అంతర్యుద్ధం మొదలై అప్పటికి ఏడాది దాటింది. ఇస్లామిక్ స్టేట్ పేరు ఇంకా జనం నోళ్లలోకి రాలేదు.

కొన్నాళ్లకు ఇంకో ఇంటి నుంచి ఫోను. తర్వాత మరొకటి.

వీళ్లను ఏం చేయాలి? అప్పటికి ఇంకా వెళ్లనివాడిని పట్టుకుందామంటే అతడు చేసిన నేరమేమీ లేదు. వెళ్లి తిరిగొచ్చినవాడు అక్కడ తుపాకీ పట్టాడో, అంబులెన్సు నడిపాడో చెప్పే సాక్షి లేడు. పోనీ ఊరికే వదిలేద్దామంటే రేపు వాడే ఇక్కడ బాంబు పెడితే? తర్వాతి రోజుల్లో బ్రిటన్ ఇలాంటి కొందరి పౌరసత్వాన్నే రద్దు చేసి చేతులు దులుపుకుంది. ఆర్హుస్‌లోని ఈ ఇద్దరికీ అంత అధికారం లేదు. వాళ్ల బల్ల మీద ఉన్నది ఒక ఫోను, పక్కన కాఫీ ఫ్లాస్కు. చేతిలో ఉన్నది ఒక పాత అలవాటు: తప్పుదారి పట్టబోయే కుర్రాడిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడటం.

ఆ అలవాటు వెనక ఒక వ్యవస్థ ఉంది. డెన్మార్క్‌లో 1970ల నుంచీ ఎస్‌ఎస్‌పీ అనే ఏర్పాటు నడుస్తోంది. బడి, సంక్షేమ శాఖ, పోలీసు, ఈ మూడు వర్గాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఊళ్లోని పిల్లల గురించి మాట్లాడుకుంటాయి. ఎవడు బడి ఎగ్గొడుతున్నాడు, ఎవడి ఇంట్లో తాగుడు గొడవలున్నాయి, ఎవడు కొత్తగా ఎవరితో తిరుగుతున్నాడు. మన దగ్గర ఒకప్పుడు రచ్చబండ దగ్గర ఈ సంగతులన్నీ తేలిపోయేవి. వాళ్లు దానికో ఫైలును, జీతం తీసుకునే ఉద్యోగిని ఏర్పాటు చేసుకున్నారు. 2005 జులైలో లండన్ మెట్రోలో, బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. ఆ పని చేసిన నలుగురూ బ్రిటన్‌లో బతికినవాళ్లే. అది చూసి 2007లో ఆర్హుస్ నగరపాలక సంస్థ, పోలీసులు ఆ పాత బల్ల మీదికే తీవ్రవాదం సంగతినీ తెచ్చారు. అదీ ఒక్క మతం వాళ్లకని కాదు. ఊళ్లో తెల్లజాతి అహంకారంతో తిరిగే ఫుట్‌బాల్ రౌడీ మూకలు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి.

ఇదంతా కాగితం మీది సంగతి. కాగితం అవతల జమాల్ ఉన్నాడు.

* * *

వలస వచ్చిన కుటుంబంలో పెరిగిన పిల్లాడు. డేనిష్ బాగా మాట్లాడతాడు, బాగా చదువుతాడు. మన ఇంటర్మీడియట్ లాంటి జిమ్నాసియం చదువు చివరికొచ్చింది. ఓ రోజు తరగతిలో ఇస్లాం మీద చర్చ పెట్టారు. ఓ అమ్మాయి లేచి, మీవాళ్లంతా జనాన్ని చంపుతారు, ఆడవాళ్లను రాళ్లతో కొడతారు అన్న ధోరణిలో మాట్లాడింది. మీవాళ్లు అన్నప్పుడు తరగతిలో ఎన్ని కళ్లు అతడి వైపు తిరిగి ఉంటాయో ఊహించుకోండి. జమాల్ ఉడికిపోయాడు. తిరిగి సమాధానం చెప్పబోయి, ఆవేశంలో అనకూడని మాట ఒకటి అనేశాడు.

ఆ వయసులో ఆవేశం వస్తే ఏమంటామో మనకు తెలియదా? సాయంత్రానికి చల్లారి, మర్నాడు ఏదో రకంగా కలిసిపోయే గొడవ అది. కానీ ఆ మాట తరగతి గోడలు దాటింది. బడి నుంచి పోలీసులకు కబురు వెళ్లింది. పోలీసులు ఇంటికొచ్చి సోదా చేశారు.

సోదా అంటే ఏమిటో చూడనివాళ్లకు అర్థం కాదు. బీరువాలోంచి అమ్మ చీరలు, నాన్న కాగితాలు, చెల్లి పుస్తకాలు నేల మీద పడతాయి. పోలీసులు వెళ్లిపోయాక వాటన్నిటినీ తీసి మళ్లీ లోపల పెట్టుకోవాలి. చీర అన్నది మన ఇల్లు తలచుకుని రాశాను. వాళ్ల ఇంట్లో ఏం పడ్డాయో నాకు తెలియదు. ఆ ఇంటి తల్లి వాటిని మడతపెట్టుకుంటూ కొడుకు వైపు చూసే చూపు మాత్రం ఎక్కడైనా ఒకటే అయి ఉండాలి.

సోదాలో ఏమీ దొరకలేదు. దొరకడానికి ఏమీ లేదు కూడా. కేసు లేదన్నారు. కానీ ఆ గొడవలో అతడు పరీక్షలు రాయలేకపోయాడు.

డెన్మార్క్‌లో జిమ్నాసియం పూర్తి చేసిన పిల్లలు తెల్ల టోపీ పెట్టుకుంటారు. చుట్టూ రంగు పట్టీ, ముందు చిన్న నల్ల అంచు. చివరి పరీక్ష ముగించుకుని గదిలోంచి బయటికి రాగానే ఇంటివాళ్లు ఆ టోపీని తలమీద పెడతారు. తర్వాత తరగతి మొత్తం ఒక లారీ ఎక్కుతుంది. లారీకి జెండాలు, చెట్ల కొమ్మలు కట్టి, హారన్ మోగించుకుంటూ ఊరంతా తిరుగుతారు. ఒక్కో విద్యార్థి ఇంటి ముందూ ఆగుతారు. ఆ ఇంటివాళ్లు అందరికీ తినడానికీ తాగడానికీ ఇస్తారు. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపు చూసినవాళ్లకు ఆ సందడి తెలుసు. తరగతిలో ఎంతమంది పిల్లలుంటే లారీ అన్ని ఇళ్ల ముందూ ఆగుతుంది.

పరీక్ష రాయనివాడి ఇంటి ముందు లారీ ఆగదు.

ఆ రోజుల్లోనే జమాల్ తల్లి చనిపోయింది. కొడుకు మీద పడ్డ నింద, ఇంట్లో జరిగిన సోదా, ఆ దిగులే అమ్మను తీసుకుపోయిందని అతడి మనసులో పడిపోయింది. నిజమా కాదా అని ఏ డాక్టరు చెబితే ఏం లాభం? కొడుకు నమ్మేశాడు. మీకు నేను తీవ్రవాదిలా కనిపిస్తున్నాను కదా, సరే, అదే అవుతాను. దాదాపు ఈ మాటే అనుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. పొమ్మనలేక పొగ పెట్టడం అంటే ఇదే.

మసీదు దగ్గర కొందరు కుర్రాళ్లు పరిచయమయ్యారు. వాళ్లు అతడిని ఏమీ అడగలేదు. మాకూ ఇలాగే జరిగిందన్నారు. అంతకన్నా ఏం కావాలి? ఒకరి ఫ్లాటులో చేరేవాళ్లు. అమెరికాలో పుట్టి యెమెన్‌లో ఉంటూ ఇంగ్లిషులో ఉపన్యాసాలిచ్చిన అన్వర్ అల్ అవ్లాకీ వీడియోలు చూసేవాళ్లు. అవ్లాకీ 2011 సెప్టెంబరు 30న అమెరికా డ్రోను దాడిలో చనిపోయాడు. అతడి గొంతు మాత్రం ఇప్పటికీ ఇంటర్నెట్లో బతికే ఉంది. ఈ దేశం మనది కాదన్న మాటలు సాగేవి. తర్వాత దేశం విడిచి వెళ్లే మాటలూ మొదలయ్యాయి.

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఏరీ క్రుగ్లాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నాడు. శ్రీలంకలో లొంగిపోయిన ఎల్‌టీటీఈ సభ్యులను కూడా దగ్గరగా పరిశీలించినవాడు. ఆయన చెప్పేది మన మాటల్లో చెప్పాలంటే, ప్రతి మనిషికీ తాను లెక్కలో ఉన్నానన్న భావం కావాలి. అవమానం దాన్ని లాగేసుకుంటుంది. లాగేసుకున్నదాన్ని తిరిగి ఇస్తామన్నవాడి వెనక మనిషి నడుస్తాడు. వాడు చెప్పే సిద్ధాంతం ఆ తర్వాత తలకెక్కుతుంది.

ఇది చదివే తెలంగాణ పాఠకులకు ఈ కథ కొత్తేమీ కాదు. 1980ల్లో, 90ల్లో కరీంనగర్, వరంగల్ పల్లెల్లో 'ఫలానావాళ్ల పెద్దోడు అన్నల్లో కలిసిండట' అన్న మాట వినని ఊరు ఎన్ని ఉంటాయి? అలా నక్సలైట్లలో కలిసి అడవికి పోయినవాళ్ల ఇళ్లలో పుస్తకాల కన్నా ముందు ఒక సంఘటన ఉండేది. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డ తండ్రి, అన్న కోసం వచ్చి తమ్ముడిని ఎత్తుకెళ్లిన పోలీసులు, లాకప్పులో తిన్న దెబ్బలు. రెండు బాటలూ ఒకటేనని నేను అనడం లేదు. వాటి లక్ష్యాలు వేరు, లోకాలు వేరు. గుమ్మం దాటి అడుగు బయట పెట్టే ఆ క్షణం మాత్రం ఒకేలా కనిపిస్తుంది నాకు.

* * *

ఫోను దగ్గరికి వద్దాం.

జమాల్ తిట్టడం ఆపాక లింక్ చెప్పినదాని సారం ఇది: మీకు జరిగింది నాకు తెలుసు. అది తప్పు. క్షమించండి.

జమాల్‌కు ఏం అనాలో తోచలేదు. కోపం మీదికి కోపం వస్తే ఎదుర్కోవడం అతడికి తెలుసు. అవతల గోడ ఉంటుందనుకుని భుజంతో గుద్దబోతే తలుపు తెరిచి ఉన్నట్టయింది. అయినా ఇదేదో ఎర అనుకున్నాడు. కాఫీ పేరుతో పిలిచి లోపల వేస్తారేమోనన్న అనుమానం పోకపోయినా వెళ్లాడు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. పోలీసు ఒకడు పౌరుడికి, అదీ వలస వచ్చిన ఇంటి కుర్రాడికి, మా శాఖ తప్పు చేసిందని చెప్పడం. ఆ తప్పు లింక్ స్వయంగా చేసింది కాదు. మన ఆఫీసుల్లో 'అది మా సెక్షను కాదండీ' అనడానికి సరిగ్గా సరిపోయే సందర్భం. ఆ మాట అని ఉంటే కథ ఫ్లాటులోనే ముగిసేది, లేదా సిరియాలో.

ఆఫీసులో కాఫీ ఇచ్చారు. అతడిని ఒక మనిషికి పరిచయం చేశారు. ఆర్హుస్ వాళ్లు ఇలాంటివాళ్లను మెంటార్ అంటారు. మన మాటలో తోడుగా ఉండే పెద్దన్న అనుకోండి. ఆయన లాయరు. టర్కీ మూలాలున్న కుటుంబం, తానూ ముస్లిమే, డెన్మార్క్‌లో వివక్ష రుచి చూసినవాడే. జమాల్ మొదట ఆయన్ని నమ్మలేదు. పోలీసుల మనిషి అనుకున్నాడు. ఇద్దరూ కలుసుకునేవాళ్లు, నడిచేవాళ్లు, వాదించుకునేవాళ్లు. ఇది ఒకటి రెండు వారాల ముచ్చట కాదు, నెలల తరబడి సాగింది. ఆ లాయరు నమాజు మానమనలేదు, గడ్డం తీయమనలేదు, వీడియోలు చూడొద్దని ఒట్టు వేయించుకోలేదు. నీకు జరిగింది అన్యాయమేనని ఒప్పుకున్నాడు. అన్యాయం జరిగాక కూడా ఈ దేశంలో ముస్లింగా, డేనుగా రెండు రకాలా బతకవచ్చని వాదించాడు. అలా బతుకుతున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండటమే ఆ వాదనకు బలం.

ఈ మెంటార్లకు శిక్షణ ఇచ్చే పద్ధతిని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించే ప్రెబెన్ బెర్టెల్సెన్ తయారుచేశాడు. దానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం 'జీవన మనస్తత్వ శాస్త్రం'. తీవ్రవాదం వైపు వెళ్లే కుర్రాడి ముందున్న పనులు మన అందరి ముందూ ఉన్నవేనంటాడాయన. ఉద్యోగం, ఇల్లు, నలుగురిలో చోటు, తన కాళ్ల మీద నిలబడటం. ఆ పనులు చేసుకునే నేర్పు లేనప్పుడు, లేదా దారి మూసేసినప్పుడు మనిషి అడ్డదారి వెతుకుతాడు. నేర్పు ఇవ్వు, దారి తెరువు. ఇంతకన్నా గొప్ప రహస్యమేమీ లేదందులో. అందుకే కాబోలు ఎవరూ మొదట పట్టించుకోలేదు.

పిల్లలు వెళ్లిపోయిన తల్లిదండ్రులు కలుసుకునే ఏర్పాటు కూడా చేశారు. నా కొడుకు తీవ్రవాది అయ్యాడని బంధువులకు చెప్పుకోలేని తల్లి, అదే బాధ పడుతున్న మరో తల్లి పక్కన కూర్చుంటే నోరు విప్పుతుంది. వెళ్లి తిరిగొచ్చినవాళ్లను పోలీసులు ముందు విచారించేవాళ్లు. నేరం చేసినట్టు ఆధారముంటే కోర్టుకే. లేనివాళ్లకు చదువు, ఇల్లు, డాక్టరు, ఉద్యోగం వెతికిపెట్టే సాయం.

అసలు పీటముడి మసీదు దగ్గర పడింది. ఆర్హుస్ నుంచి సిరియా వెళ్లినవాళ్లలో 22 మందికి గ్రిమ్‌హాయ్ మసీదుతో సంబంధాలున్నాయని పోలీసులు లెక్క తేల్చారు. దాన్ని మూసేయాలని దేశమంతా కేకలు వేసింది. నగరపాలక సంస్థ, పోలీసులు మూయలేదు. 2014 మొదట్లో ఆ మసీదు పెద్దలతో కూర్చుని మాటలు మొదలుపెట్టారు. అదే ఏడాది ఆ మసీదు వైపు నుంచి ఇస్లామిక్ స్టేట్‌ను సమర్థించే మాట పత్రికలకెక్కింది. మేయర్ యాకోబ్ బుండ్స్‌గోర్ పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో మన రాజకీయాలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా మాటలు ఆపలేదు. తలుపు మూస్తే ఆ జనం ఏ ఫ్లాటులో చేరతారో తెలియదన్నది వాళ్ల వాదన.

2013 చివరి దాకా ఆ ఊరి నుంచి సుమారు 30 మంది సిరియా వెళ్లారు. 2014లో వెళ్లింది ఒక్కడు.

* * *

ఈ రెండు అంకెలు చూసి ఎగిరి గంతేయకూడదు. 2014 నాటికి ఇస్లామిక్ స్టేట్ తలలు నరికే వీడియోలు ప్రపంచం ముందుకొచ్చాయి. వెళ్లాలనుకున్నవాళ్లలో కొందరు వాటిని చూసే వెనకడుగు వేసి ఉండొచ్చు. కీర్తి అంతా కాఫీకే కట్టబెట్టలేం. డెన్మార్క్‌లోనూ చాలామంది కట్టబెట్టలేదు. 'ఉగ్రవాదిని వాటేసుకునే పథకం' అని వెక్కిరించారు.

2015 ఫిబ్రవరి 14న ఆ వెక్కిరింతకు బలం వచ్చింది. కోపెన్‌హేగెన్‌లో 22 ఏళ్ల కుర్రాడు ఒక సభ మీద, ఆ రాత్రే యూదుల ప్రార్థనా మందిరం దగ్గర కాల్పులు జరిపి ఇద్దరిని చంపాడు. పోలీసుల కాల్పుల్లో తానూ చనిపోయాడు. డెన్మార్క్‌లోనే పుట్టినవాడు. కత్తిపోటు కేసులో జైలుకు వెళ్లి, బయటికొచ్చి రెండు వారాలే అయింది. జైల్లో అతడి తీరు మారుతోందని జైలు అధికారులు నిఘా విభాగానికి ముందే చెప్పారు. కాగితం వెళ్లింది. కాఫీకి ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత చట్టాలు బిగిశాయి. సిరియా, ఇరాక్‌లలోని యుద్ధ ప్రాంతాలకు అనుమతి లేకుండా వెళ్లడమే నేరమని 2016లో చట్టం తెచ్చారు. అది తప్పని నేననను. గట్టి చట్టం లేకుండా మెత్తటి మాట ఒక్కటే నిలబడదు.

కానీ నివారణ పేరుతో అందరి మీదా కన్ను వేస్తే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. 2015 జులై నుంచి అక్కడి బడులు, ఆస్పత్రులు, నగరపాలక సంస్థలు 'ప్రివెంట్' అనే కార్యక్రమం కింద తీవ్రవాద లక్షణాలపై కన్నేసి ఉంచడం చట్టబద్ధమైన బాధ్యత అయింది. మరుసటి ఏడాది లూటన్ పట్టణంలో నాలుగేళ్ల పిల్లాడు నర్సరీలో ఒక బొమ్మ వేశాడు. నాన్న కత్తితో దోసకాయ కోస్తున్న బొమ్మ. దోసకాయను 'కుకుంబర్' అనడానికి నోరు తిరగక వాడేదో అన్నాడు. సిబ్బందికి అది 'కుకర్ బాంబు' అని వినిపించింది. పిల్లాడిని తీవ్రవాద నివారణ కార్యక్రమానికి పంపాలన్న మాట దాకా వెళ్లింది. పత్రికల్లో చదివి జనం నవ్వుకున్నారు. ఆ తల్లికి నవ్వు వచ్చి ఉండదు.

టీచరు చూసింది, చెప్పింది. జమాల్ తరగతిలోనూ అదే జరిగింది కదా? చూడటం, చెప్పడం రెండు చోట్లా ఉన్నాయి. తర్వాత వచ్చినవాడు ఏం చేశాడన్న దగ్గర దారులు చీలాయి.

* * *

మన హైదరాబాదుకూ ఈ కథలో ఒక చిన్న అధ్యాయం ఉంది.

2014లోనే, ఆర్హుస్‌లో కాఫీ కప్పులు తిరుగుతున్న రోజుల్లోనే, హైదరాబాదుకు చెందిన కొందరు చదువుకున్న కుర్రాళ్లు బంగ్లాదేశ్ మీదుగా ఇస్లామిక్ స్టేట్‌లో చేరాలని బయల్దేరి కోల్‌కతాలో దొరికారు. తెలంగాణ పోలీసులు వాళ్ల మీద కేసు పెట్టి జైల్లో వేయలేదు. వెనక్కి తెచ్చి, కౌన్సెలింగ్ ఇచ్చి, తల్లిదండ్రులకు అప్పగించారు. కొత్త రాష్ట్రం వచ్చి కొన్ని నెలలే అయింది. ఆ సమయంలో పోలీసులు అంత ఓర్పు చూపడం చిన్న విషయం కాదు. 'పట్టుకున్నాం' అని కెమెరాల ముందు ముసుగులు వేసి నిలబెట్టడం చాలా తేలిక. వాళ్లా పని చేయలేదు.

2015 డిసెంబరులో నాగపూర్ విమానాశ్రయంలో ముగ్గురు హైదరాబాదు యువకులను అరెస్టు చేశారు. శ్రీనగర్ వెళ్లబోతున్నారన్నది అభియోగం. అంతకుముందు ఏడాది కోల్‌కతా నుంచి వెనక్కి తెచ్చి ఇంటికి పంపినవాడు ఆ ముగ్గురిలో ఉన్నాడు.

'చూశారా, మెత్తగా ఉంటే ఇంతే' అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. నేను దాన్ని మరోలా చదువుతాను. ఇంటికి అప్పగించడం సగం పని. రెండో సగం మర్నాడు మొదలవుతుంది. ఆ కుర్రాడు గదిలో తలుపేసుకుని ఫోను చూస్తుంటాడు. చుట్టాలు గుసగుసలాడుతుంటారు. కాలేజీలో పక్క సీటువాడు దూరం జరుగుతాడు. తండ్రి సిగ్గుతో మాట్లాడడు. తల్లి భయంతో మాట్లాడదు. అతడితో మాట్లాడేవాడు ఒక్కడే మిగులుతాడు, ఫోనులో. ఆ నెలల్లో ప్రతి వారం ఆ ఇంటికెళ్లి, ఇరానీ హోటలుకు తీసుకెళ్లి చాయ్ తాగించే పెద్దన్న ఎవరైనా ఉండాలి. పాత బస్తీలో అలాంటి పెద్దమనుషులకు కొదవ లేదు. లాయర్లున్నారు, డాక్టర్లున్నారు, రిటైరైన మాస్టర్లున్నారు. వాళ్లకు జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి, మీ బాధ్యత ఫలానా ముగ్గురు అని అప్పజెప్పే ఆఫీసు కావాలి. ఆర్హుస్‌కు, మనకు మధ్య తేడా అక్కడే ఉందని నా అనుమానం.

ఇంట్లో పిల్లాడు ఉన్నట్టుండి పాత స్నేహితులను వదిలేస్తే, చదువు మానేస్తే, ఇంట్లోవాళ్లందరినీ పాపులనో ద్రోహులనో అనడం మొదలుపెడితే ఏం చేయాలని తల్లిదండ్రులు అడుగుతారు. అతడి మతం ఏదైనా, జెండా రంగు ఏదైనా సరే. మొదట అతడికి ఏం జరిగిందో అడగండి. ఏం నమ్ముతున్నావన్నది తర్వాత. వాదన పెట్టుకుంటే మీరే ఓడిపోతారు, అవతలివాడు రాత్రంతా సిద్ధం చేసి పంపిన జవాబులు అతడి దగ్గర ఉంటాయి. అతడు గౌరవించే మనిషి ఎవరో, మేనమామో, క్రికెట్ కోచో, పాత మాస్టారో, వెతికి పట్టుకోండి. ప్రయాణం మాటలు, ఆయుధాల మాటలు చెవిన పడితే మాత్రం దాచకండి. ఆర్హుస్‌లో మొదటి ఫోను చేసింది కన్నవాళ్లే.

లింక్, ఆర్స్లెవ్ ఆఫీసు లెక్కలు 2016 నాటికి ఇలా ఉన్నాయి. ఆర్హుస్ నుంచి సిరియా వెళ్లినవాళ్లు మొత్తం 34 మంది. పోలీసులకు తెలిసినంతలో ఆరుగురు చనిపోయారు. 10 మంది అప్పటికింకా అక్కడే ఉన్నారు. తిరిగొచ్చినవాళ్లు 18 మంది, ఆ 18 మందీ ఆ ఆఫీసుకు వచ్చారు. వాళ్లు కాక, వెళ్లాలనుకుని ఆగినవాళ్లు, వెళ్తారేమోనని ఇంట్లోవాళ్లు భయపడినవాళ్లు, అందరూ కలిపి ఆ గదిలోకి వచ్చి కూర్చున్నవాళ్లు దాదాపు 330 మంది. జమాల్ వాళ్లలో ఒకడు.